కొమ్మ వేయని దారి

కొండల మధ్యనున్న గ్రూబెన్ ఊళ్ళో రాత్రి ఎంత మంచు పడిందో తెలుసుకోవాలంటే బుర్గిని అడగాలి. చర్చి వెనక చిన్న కంచె లోపల తెల్లరంగు వేసిన చెక్కపలక, సెంటీమీటర్ల గీతలున్న నిలువు కర్ర ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రోజూ ఉదయం ఏడింటికి ఆమె అక్కడికి వెళ్తుంది. పలక మీద పడినదాన్ని కొలిచి, రేకు గొట్టంతో కొంచెం తీసి తూచి, వేడి ఎంత, గాలి ఎటునుంచి అన్నవి రాసుకుని ఇన్స్‌బ్రుక్‌లోని వాతావరణ ఆఫీసుకు ఫోన్ చేసి చెబుతుంది. తర్వాత పలక తుడిచేసి, మంచు మీద జారే స్కీలు అద్దెకిచ్చే కొట్టు వెనక పాకలోకి పోయి సాయంత్రం దాకా పదును పెట్టుకుంటూ, మైనం పూసుకుంటూ కూర్చుంటుంది. ఇరవై ఆరేళ్ళు ఈ కొలత వాళ్ళ నాన్న తీశాడు. ఆయన పోయాక ఏడేళ్ళుగా ఆమె తీస్తోంది.

పేరుకు ఇది కొలత మాత్రమే. ఊళ్ళో వాళ్ళకు మాత్రం అంతకంటే ఎక్కువ. పెద్ద మంచు కురిసి వెలిశాక మొదట ఎవరు కొండెక్కుతారో, వాళ్ళ వెనకే అందరూ ఎక్కుతారు. మొదట ఎక్కేది వాళ్ళ నాన్నే అయ్యేవాడు, ఇప్పుడు బుర్గి. ఆమె స్కీలు కోసిన దారి కొండ నెత్తినున్న గిరిదాకా పోయి, కొసన ఏ అడ్డూ లేదంటే ఆ వాలు దిగడానికి మంచిదని అర్థం. అలా కాక, పైదాకా వెళ్ళి వాలు నచ్చక వేరే వైపు దిగిపోతే, ఆగిన చోట దారికి అడ్డంగా ఒక స్ప్రూస్ చెట్టు కొమ్మ పెట్టి రావాలి. వెనక వచ్చేవాళ్ళు కొమ్మ చూసి తిరిగిపోతారు. పైన చెట్లుండవు గనుక మొదట ఎక్కేవాళ్ళు కిందే కొమ్మ విరిచి సంచిలో గుచ్చుకుని పోవాలి. ఇది ఏ కాగితం మీదా లేదు. పిల్లలకు చెప్పులేసుకోవడం నేర్పినట్టు నేర్పుతారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. లోయలోకి వచ్చే రోడ్డు మూసేశారు, బడి మూసేశారు. మంగళవారం తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మొత్తం నూట పద్నాలుగు సెంటీమీటర్లని బుర్గి ఫోన్‌లో చెప్పింది. మొన్నటి దాకా మైనస్ పదిహేను ఉన్న చలి మైనస్ ఆరుకు వచ్చిందని, గాలి వాయవ్యం నుంచి గట్టిగా వీచిందని చెప్పింది. చెబుతూనే లోపల లెక్క వేసుకుంది. చర్చి వెనక నూట పద్నాలుగంటే, గాలి మోసుకుపోయి పడేసిన వాలుల మీద రెండు మీటర్లు. దాని కింద జనవరి చలికి గింజకట్టిన పాత మంచు, చేత్తో పిసికితే పంచదారలా జారిపోయేది.

ఇంటికి వచ్చేసరికి రొమానా గుమ్మంలో ఉంది, స్కీలు భుజాన వేసుకుని.

రొమానా, బుర్గి ఒకటో తరగతి నుంచి జత. రొమానా పెద్ద అతిథిగృహంలో వంట చేస్తుంది. క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా ఆమెకు సెలవన్నది ఉండదు. రోడ్డు మూసేసి బయటివాళ్ళు రాకపోవడంతో ఆ ఒక్క రోజు దొరికింది. బుర్గి భర్త ఎల్మార్ ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని వంటగదిలో తిరుగుతుంటే, రొమానా పాప బుగ్గ గిల్లి, మీ అమ్మను పదకొండున్నరకల్లా తెచ్చి అప్పగిస్తానంది. పాప రాత్రి నాలుగుసార్లు లేచింది. బుర్గికి కళ్ళు మండుతున్నాయి, వెళ్ళాలనీ ఉంది, వద్దనీ ఉంది.

"ఈ చలికాలంలో మూడుసార్లు వద్దన్నావే నువ్వు," అంది రొమానా. "ఒకసారి గాలి, ఒకసారి పొగమంచు, ఒకసారి ఊరికే. పాలతోపాటు ధైర్యం కూడా ఆ పిల్లకి పట్టేస్తున్నావా ఏంటి?"

"రెండుసార్లే. మూడోసారి నీ కాలు బెణికింది."

"సరే, రెండున్నర."

ఎల్మార్ నవ్వాడు. బుర్గి కూడా నవ్వింది గానీ మాట గుచ్చుకుంది.

ఇంటి కంచె దాటుతుంటే పక్కింటి అల్ఫోన్స్ మెట్ల మీద మంచు ఎత్తిపోస్తున్నాడు. ఆయన బుర్గికి జ్ఞానస్నానపు తండ్రి. అక్కడ గోటీ అంటారు. చిన్నప్పుడు ప్రతి నవంబరులోనూ ఆమెకు జడలా అల్లిన తీపి రొట్టె తెచ్చి ఇచ్చింది ఆయనే, స్కీల మీద నిలబెట్టింది ఆయనే. అరవై ఏడేళ్ళు. ఎక్కడికమ్మాయ్ అని అడిగి, దూడల గిన్నెకని రొమానా చెబితే, పార మీద గడ్డం ఆనించి కాసేపు అటు చూశాడు. వేసవిలో దూడల్ని మేపే ఆ గిన్నెలాంటి వాలు, పొద్దుటి ఎండలో ముడత లేకుండా మెరుస్తోంది.

"మంచు తొక్కుకుంటూ ఎక్కే మోకాళ్ళు కావివి. మీరు దారి వేస్తే చూస్తాలే," అన్నాడు. మళ్ళీ వెంటనే, ఈ రోజు మోకాలు సలుపుతోంది, రాకపోవచ్చన్నాడు.

చెట్ల అంచున బుర్గి ఒక కొమ్మ విరిచి సంచిలో గుచ్చుకుంది. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున నూగు పట్టీలు అంటించుకున్నారు, ఫోన్లు కట్టేశారు, మంచు కింద పడితే జాడ చెప్పే బీపర్లు మెడలో వేసుకుని ఒకరిది ఒకరు పలుకుతోందో లేదో చూసుకున్నారు. ఆ తర్వాత ఎక్కడం మొదలైంది. మోకాళ్ళు దాటి దిగబడుతోంది. దారి కోయడం ముందున్నవాళ్ళ పని. వంతులు వేసుకోవాలనుకున్నారు గానీ పది నిమిషాలకే బుర్గికి ఊపిరి అందలేదు, కాన్పు తర్వాత ఒంట్లోకి బలం ఇంకా తిరిగి రాలేదు. రొమానా ముందుకు వచ్చింది, చివరిదాకా ముందే ఉంది. దారి కోసినవాళ్ళకే మొదటి దిగుడు. అది ఆ కొండల్లో అందరికీ తెలిసిన హక్కు. కాబట్టి ఆ రోజు దూడల గిన్నె రొమానాది.

పదీ ఇరవైకి గిరి మీదికి చేరారు. గాలి లేదు. కింద ఊరు ఉప్పు పోసిన పళ్ళెంలో అగ్గిపెట్టెల్లా ఉంది. రొమానా పట్టీలు ఊడదీసి, మడిచి, కోటులో పెట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. బుర్గి వాలు అంచు వైపు రెండడుగులు వేసింది. కాళ్ళ కింద ఎక్కడో లోతున వుమ్మని ఒక శబ్దం వచ్చింది, గదిలో మూల ఎవరో బరువైన మూట దించినట్టు. మంచు మొత్తం వేలెడు కిందికి కుంగింది. రొమానాకూ వినిపించింది. కూనిరాగం ఆగింది.

ఆ శబ్దం అంటే ఏమిటో బుర్గి పదిమందికి వివరించి చెప్పగలదు. కింద పంచదారలాంటి పొర నలిగిపోయి, పైనున్నదంతా పట్టు లేకుండా వేలాడుతోందని. అయినా ముందు తట్టింది వేరే లెక్క. ఇది మూడోసారి అవుతుంది, రొమానా లెక్కలో మూడున్నర. ఏడాదిలో ఒక్క సెలవు, రెండు గంటలు గుండె పగిలేలా తొక్కిన మంచు. తర్వాత ఎల్మార్ చేతుల్లో పాప మెదిలింది.

"వద్దు," అంది.

జతగా ఎక్కిన ఇద్దరిలో ఒకరు వద్దంటే రెండోవాళ్ళు ఎందుకని అడగరు. రొమానా అడగలేదు. గిన్నె వైపు చాలాసేపు చూసి, స్కీలు వెనక్కి తిప్పింది. "అడవిలోంచి పోదాం పద," అని మాత్రం అని, బుర్గి కోసం ఆగకుండా దూకేసింది.

ఆ మొహం చూశాక బుర్గికి ఆమె వెంట పడటం తప్ప వేరే ఆలోచన రాలేదు. పట్టీలు గబగబా లాగేసి, సంచి బిగించి, వెనకే దూకింది.

అడవిలో వాలు తక్కువ, చెట్లు ఎడంగా ఉన్నాయి, గాలి చొరలేదు. మంచు పడ్డది పడ్డట్టే ఉంది. బుర్గి ముప్పై నాలుగేళ్ళ బతుకులో అలాంటి మంచు నాలుగైదుసార్లకు మించి దొరకలేదు. స్కీలు కనిపించవు, శబ్దం ఉండదు, ఒళ్ళు బరువు ఉండదు. ఒక మలుపు తిరిగితే మంచు గుండెల దాకా లేచి మొహం మీద దుమ్ములా రాలుతుంది, దాంట్లోంచి బయటికొచ్చేసరికి ఇంకో మలుపు. ముందు రొమానా ఎర్ర టోపీ మునుగుతూ తేలుతూ పోతోంది. కాసేపటికి ఆ టోపీ కిందినుంచి ఒక కేక వినపడింది. కోపం పోయిన కేక. బుర్గి కూడా బదులు అరిచింది. నిద్రలేని రాత్రులు, రొమ్ముల్లో కట్టిన పాలు, అన్నీ ఎటో పోయాయి. కాన్పయ్యాక మొదటిసారి ఆమె ఎవరి అమ్మా కాదు.

సగం దిగాక రొమానా ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. బుర్గి పక్కన ఆగి, మెడ మీద ఏదో గీరుకుంటుంటే చెయ్యి వెనక్కి పెట్టింది. స్ప్రూస్ ఆకులు తగిలాయి.

కొమ్మ సంచిలోనే ఉంది.

చెట్ల మధ్యనుంచి పైకి చూసింది. గిరి ఇక్కడికి కనపడదు. తిరిగి ఎక్కాలంటే నలభై నిమిషాలు, తన కాళ్ళకు యాభై. పాపకు ఆకలేసే వేళ అయింది, తల్చుకోగానే పాలు చొక్కాను తడిపాయి. రోడ్డు మూసి ఉంది, బయటివాళ్ళు రారు. ఊళ్ళోవాళ్ళు కప్పుల మీద మంచు దించుకుంటుంటారు. గోటీకి మోకాలు సలుపుతోంది. ఇవన్నీ వరసగా, తొందర లేకుండా ఆలోచించింది. అదే తర్వాత ఆమెను తినేసింది. మరిచిపోయింది కాదు, లెక్క వేసింది. సాయంత్రం పాపకు పాలిచ్చాక ఎల్మార్‌ను పంపుదామనుకుంది.

"ఏంటే?" అంది రొమానా.

"ఏం లేదు. పద."

అడుగున పచ్చిక బయల్లో గడ్డి దాచే చెక్క కొట్టాం ఒకటి ఉంది. దాని ముందుకు వచ్చి, ఆగి, ఇద్దరూ వెనక్కి తిరిగి తమ గీతలు చూసుకున్నారు. అప్పుడు రొమానా చెయ్యి ఎత్తి గిరి మీదికి చూపించింది. వాళ్ళు వేసిన దారి కొసన ఒక చుక్క నిలబడి ఉంది.

నీలం కోటు. ఊళ్ళో ఆ రంగు కోటు గోటీది ఒకటే.

ఐదు వందల మీటర్ల ఎత్తు. అరిస్తే వినపడదు, అయినా ఇద్దరూ అరిచారు. బుర్గి చేతి తొడుగు పళ్ళతో లాగేసి ఫోన్ వెలిగించింది. అది తెరుచుకునేదాకా ఒక యుగం. గోటీ నంబరు మోగలేదు. బీపర్‌కు అడ్డొస్తుందని ఆయన కట్టేసి ఉంటాడు, ఆమె కట్టేసినట్టే. పైన చుక్క వంగి పట్టీలు తీసింది, నిటారుగా నిలబడింది, కాసేపు చూసింది. తర్వాత గిన్నెలోకి దిగింది.

ఒక మలుపు. రెండో మలుపు. ఆయన మలుపులు ఎప్పటిలాగే గుండ్రంగా, తొందర లేకుండా ఉన్నాయి. మూడోదాని దగ్గర ఆయన పైన ఒక సన్నని గీత అడ్డంగా పరుగెత్తింది. వాలు మొత్తం పలకలు పలకలుగా విరిగి కదిలింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది.

దుమ్ము అణిగేసరికి మంచు చరియ కొట్టానికి రెండు వందల గజాల దూరంలో ఆగి ఉంది. రొమానా అప్పటికే ఎక్కుతోంది. బుర్గి ఫోన్‌లో సాయం పిలిచి ఆమె వెనక పరుగెత్తింది. గడ్డల మీద పడుతూ లేస్తూ బీపర్లు పట్టుకుని వెతికారు. బీపర్ కూత దగ్గర పడింది, మంచులో వెతికే పొడవాటి కడ్డీ గుచ్చితే మీటరున్నర లోతులో మెత్తగా తగిలింది. పార తీయడానికి బుర్గి సంచి తిరగేసినప్పుడు కొమ్మ మంచు మీద పడింది. రొమానా దాన్ని చూసింది. బుర్గిని చూసింది. తవ్వడం మొదలుపెట్టింది. జారి ఆగిన మంచు సిమెంటులా గడ్డకట్టి ఉంది. మొహం బయటపడేసరికి ఇరవై ఆరు నిమిషాలయింది. పెదాల ముందు మంచు ఊపిరికి కరిగి, గడ్డకట్టి, అద్దంలా పేరుకుని ఉంది.

హెలికాప్టర్‌లో వచ్చిన డాక్టరు అరగంట గుండె నొక్కి, తర్వాత చేతి గడియారం చూశాడు.

కొండల పోలీసు అక్కడే నిలబడి వివరాలు రాసుకున్నాడు. వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే ఆ దేశంలో ఎవరూ ఎవరినీ మీరు అనరు, అతనూ నువ్వనే అడిగాడు. పైదాకా వెళ్ళి అడవిలోంచి ఎందుకు దిగావన్నాడు. వుమ్మన్న శబ్దం గురించి చెప్పింది. సరిగ్గా చేశావని అతను రాసుకున్నాడు. అతని కాగితంలో కొమ్మకు గడి లేదు. ఇంటికి వస్తుంటే, ఇద్దరి మధ్యా ఉన్న మాటను రొమానాయే ఎత్తింది. తనకూ కళ్ళున్నాయని, ముందు దూకింది తానేనని, సగం తనదని అంది. ఇంకెవరికీ చెప్పొద్దంది. సగంలో గుర్తొచ్చిన సంగతి బుర్గి ఆమెకు కూడా చెప్పలేకపోయింది.

రెండు సాయంత్రాలు చర్చిలో జపమాల చదివారు. అల్ఫోన్స్ ఫోటో ఉన్న చిన్న కార్డులు పంచారు. అందులో ఆయన ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు. బుర్గి కార్డును ప్రార్థన పుస్తకంలో పెట్టలేదు, జేబులో పెట్టుకుంది. ఏడింటికి కొలత తీసింది, ఫోన్‌లో చెప్పింది. పాలు తగ్గిపోయాయి. పాప రొమ్ము వదిలేసి ఏడుస్తుంటే, భయపడ్డావు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని ఎల్మార్ వీపు నిమిరాడు. ఆ చెయ్యి కింద ఆమె బిగుసుకుపోయింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పక్కింటికి వెళ్ళింది. అల్ఫోన్స్ భార్య మతిల్డె కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఇద్దరికి సరిపడా తీసి, ఎక్కువయ్యాయని గమనించి, సగం నీళ్ళలో వేసింది. బుర్గి కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. కొమ్మ సంచిలో ఉండిపోవడం, సగంలో మెడకు తగలడం, తిరిగి ఎక్కకూడదని అనుకోవడం. మరిచిపోలేదు అత్తా, గుర్తొచ్చింది, అయినా వెళ్ళలేదంది.

మతిల్డె కత్తి ఆపలేదు. ఆయన ఆ రోజు ఈ కిటికీలోంచే దుర్భిణీతో చూశాడని చెప్పింది. బుర్గి ఆగకుండా ఎక్కుతోంది, ఈ రోజు ఢోకా లేదని, తొమ్మిదింటికే మోకాలికి మందు రాసుకుని బూట్లు వేసుకున్నాడట. వీళ్ళు అడవిలోకి తిరిగేసరికి ఆయన గిరి కనపడని వంపులో ఎక్కుతూ ఉండి ఉంటాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"రొమానాకి కొంత తెలుసు. మొత్తం ఎవరికీ చెప్పలేదు."

"ఎల్మార్‌కి?"

"లేదు. చెప్తాను. ఊళ్ళో అందరికీ చెప్పి ఈ కొలత పని మానేస్తానత్తా."

మతిల్డె అప్పుడు కత్తి కింద పెట్టింది.

"మానేస్తే నీకు హాయిగా ఉంటుంది. మరి రేపు మంచు పడితే ఊళ్ళోవాళ్ళు ఎవరి వెనక పోతారు? ఎవడికి తోచినట్టు వాడు పోతాడు. ఇంకో ఇద్దరు చస్తారు. నీ దారిని నమ్మొచ్చనే మా ఆయన పోయాడు, అది అబద్ధమని నువ్వు గంట కొట్టి చెప్తే ఆయనకేమొస్తుంది, నాకేమొస్తుంది?"

మతిల్డె పైకి తేలిన దుంపను నీళ్ళలోకి నొక్కింది.

"చెప్పకు. రోజూ వెళ్ళి ఆ పలక తుడువు. ఇకమీదట ఎప్పుడూ తప్పు చెయ్యకు. అంతే నేనడిగేది." మళ్ళీ కత్తి తీసుకుంది. "క్షమించానని మాత్రం అనుకోకు. నువ్వు దింపుకోడానికి వచ్చావు. నేనెక్కడ పెట్టుకోను దాన్ని?"

ఆ తర్వాత ఊరు మారలేదు. మారి ఉంటే బుర్గికి బాగుండేది. ఎవరైనా ఒకరు దారిలో మొహం తిప్పుకుంటారేమోనని చూసింది. అందరూ ఇంకా దగ్గరకే వచ్చారు. పైదాకా వెళ్ళి, శబ్దం విని, వెనక్కి తిరిగింది చూడు, తండ్రికి తగ్గ బిడ్డ అన్నారు. అల్ఫోన్స్ కూడా కొండ మాట విని ఉంటే బతికేవాడన్నారు. ఆయన ముసలితనపు మొండితనమని ఒకరిద్దరు రొట్టెల కొట్లో అంటుంటే, బుర్గి డబ్బులిచ్చి, చిల్లర తీసుకోకుండా బయటికొచ్చేసింది. కొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. గాలికి పోయి ఉంటుంది, చరియలో కలిసిపోయి ఉంటుందని అనుకున్నారు. బుర్గి కొమ్మ పెట్టకపోవడమన్నది వాళ్ళ ఊహకే రాలేదు.

రొమానా వంటింటి పనిలో పడిపోయింది. కలిసినప్పుడు పాప గురించి అడుగుతుంది, కొండ గురించి మాట్లాడదు. ఈస్టర్ దాటాక కిందిలోయలో ఇంకో అతిథిగృహానికి మారింది. జీతం బాగుందని చెప్పింది.

మే నెలలో మేయర్ కబురు పెట్టాడు. రోడ్డు ఎప్పుడు మూయాలో, ఏ వాలు మీదికి పోకూడదో తేల్చే కమిటీ ఒకటుంది, ఐదుగురు. అల్ఫోన్స్ అందులో పద్దెనిమిదేళ్ళున్నాడు, ఆ చోటు ఖాళీ అయింది. అందరూ ఒకే పేరు చెప్పారని మేయర్ అన్నాడు.

"ఆ రోజు ఈ ఊరు మొత్తంలో కొండ మాట విన్నది నువ్వొక్కదానివేనమ్మా."

కాగితం బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టాడు. ఒక రోజు ఆలోచించుకుంటానంది బుర్గి. ఇందులో ఆలోచించడానికేముందని అతను నిజంగానే అడిగాడు. ఏముందో ఆమెకు తెలుసు, అది బయటికి అనకూడనిదనీ తెలుసు. పాప చిన్నదంది. మీటింగులు పాప పడుకున్నాకే పెడతామన్నాడు. నాన్నంత అనుభవం లేదంది. కొలత పని ఇచ్చినప్పుడు మీ నాన్న కూడా ఇలాగే అన్నాడన్నాడు. ఇక చెప్పడానికి సాకు మిగల్లేదు.

సంతకం పెట్టింది. మేయర్ చెయ్యి కలిపి, ఊరికి ఇక నిశ్చింత అన్నాడు.